సంఘ సిబ్బంది చేత పని చేయించుకోవడం ఎలా?

(సంఘాల అధ్యక్షులు, పాలకవర్గ సభ్యులు, కార్యదర్శులు పాల్గొన్న శిక్షణ తరగతిలో మా శిక్షణ విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం. పాలు పోసే సభ్యులందరికీ ఉపయోగపడుతుందని ఇక్కడ ఇస్తున్నాము.)



సిబ్బందిని ఉత్సాహపరచి పని చేయించుకోవడం గురించి మాట్లాడమని మమ్మల్ని కోరారు. ఇదేదో పెద్ద ఫ్యాక్టరీల మేనేజర్లకు చెప్పవలసిన విషయం, ముగ్గురో నలుగురో పని చేసే పల్లెటూరి పాల సంఘానికి దీనితో ఏమి పని అని మీలో కొందరికి అనిపించవచ్చు. ఒక్క సంగతి ఆలోచించండి. మీ ఊళ్లో వంద ఇళ్లవారు పాలు పోస్తుంటే, ఆ వంద ఇళ్లకు వచ్చే డబ్బు ఒక్క మనిషి వేసే అంకెను బట్టి తేలుతున్నది. అతడే మీ పాల పరీక్షకుడు. వేళ్ల మీద లెక్కపెట్టగల జీతానికి, ఆదివారం లేదు పండుగ లేదు, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి వచ్చి, యాసిడ్ సీసాల మధ్య కూర్చునే ఆ అబ్బాయిని, కొన్ని సంఘాల్లో ఆ అమ్మాయిని, మనం ఎలా చూసుకుంటున్నాము అన్నదే ఈ రోజు మాట్లాడవలసిన విషయం.

మేము సంఘాలకు వెళ్లినప్పుడు తరచుగా చూసేది చెబుతాము. ఏ ఒక్క ఊరినీ వేలెత్తి చూపడం మా ఉద్దేశం కాదు. డెయిరీ నుంచి ట్రక్ షీటు వస్తుంది. సంఘం లెక్క ప్రకారం ఫ్యాటు 6.2, డెయిరీ లెక్క ప్రకారం 5.8. ప్రెసిడెంటు గారు ఆ కాగితం పట్టుకుని, పాలు పోసేవాళ్లంతా వరసలో నిలబడి ఉన్న సమయంలోనే కేంద్రానికి వస్తారు. "ఏరా, నిన్న నాలుగు పాయింట్లు ఎక్కడ పోయినయి? ఎవరికి ఎక్కువ వేశావు?" అని అడుగుతారు. వరసలో కొందరు నవ్వుతారు. కొందరు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. పరీక్షకుడు తల వంచుకుని పిపెట్టు కడుక్కుంటాడు.

ఆ పూట అతడు నేర్చుకున్నది ఏమిటి? తప్పు ఎక్కడ జరిగిందో నేర్చుకోలేదు, ఎందుకంటే ఎవరూ చూపించలేదు. అతడికి బోధపడింది ఒక్కటే. ఎక్కువ వేస్తే ప్రెసిడెంటుతో చిక్కు, తక్కువ వేస్తే పాలు పోసినవాడితో చిక్కు. "మా గేదె పాలకు ఐదేనా? నీ కళ్లు పోయినయా?" అని అడిగేవాళ్లు రోజూ ఉండనే ఉంటారు. కాబట్టి మర్నాటి నుంచి అతడు మధ్యస్థంగా వేయడం మొదలుపెడతాడు. ఎనిమిది వచ్చినవారికీ ఆరున్నర, ఐదు వచ్చినవారికీ ఆరున్నర. అంతటితో గొడవలు తగ్గిపోతాయి.

దీని ఖరీదు ఎంతో లెక్క వేద్దాము. ఒక రైతు మంచి గేదెను, మంచి మేపు మేపి, పూటకు 5 కిలోల పాలు పోస్తున్నాడు. అసలు ఫ్యాటు 8 శాతం. అంటే పూటకు 400 గ్రాముల ఫ్యాటు. పుస్తకంలో 6.5 పడింది గనుక అతనికి జమ అయ్యేది 325 గ్రాములు. పూటకు 75 గ్రాములు పోయింది. నెలకు అరవై పూటలు. 75ను 60తో గుణిస్తే 4,500 గ్రాములు. నెలకు నాలుగున్నర కిలోల ఫ్యాటు ఆ రైతు ఇంటికి రావలసింది రాలేదు. అదెక్కడికి పోయింది? పక్కనే 5 కిలోలు పోసిన రెండో మనిషి ఖాతాలోకి. అతని పాలలో ఫ్యాటు 5 శాతమే. నీళ్లు కలిపాడో, గేదె అటువంటిదో మనం అనుమానపడనవసరం లేదు. కిలో ఫ్యాటు ధర మీ అందరికీ తెలుసు, ఎవరికి వారు గుణించుకోండి.

ఇందులో మరో విచిత్రం ఉన్నది. ఈ ఇద్దరి పాలూ కలిపి డెయిరీకి వెళ్తే అక్కడ వచ్చేది సరిగ్గా 6.5. సంఘం లెక్కకూ డెయిరీ లెక్కకూ తేడా ఉండదు. ప్రెసిడెంటు గారు ట్రక్ షీటు చూసి, "నాలుగు మాటలు అన్నాను, దారికి వచ్చాడు" అని సంతోషిస్తారు. తేడా కాగితం మీద మాయమయింది, అన్యాయం మాత్రం రైతుల మధ్యకు వచ్చి కూర్చున్నది. మంచి పాలు పోసే రైతు కొన్నాళ్లు చూసి, ఊళ్లోకి వచ్చే ప్రైవేటు వ్యాపారికి పాలు పోయడం మొదలుపెడతాడు. సంఘానికి పలచని పాలు మిగులుతాయి. ఒక సంఘం బలహీనపడటానికి దొంగతనమే జరగనవసరం లేదు. పరీక్షకుడు భయపడితే చాలు.

మరి తేడా అసలు ఎక్కడ వస్తుంది? దీన్ని కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే పని తెలియనివాడు పని నేర్పలేడు. పరీక్ష పరీక్షకుడి వ్యవహారం, పెత్తనం మా వ్యవహారం అనుకునే పాలకవర్గాల దగ్గరే తేడాలు ఎక్కువ.

మొదటిది నమూనా. గేదె పాలు కాసేపు కదలకుండా ఉంటే మీగడ పైకి తేలుతుంది. ప్లంజరుతో బాగా కలపకుండా పైనుంచి తీస్తే ఫ్యాటు ఎక్కువ, అడుగున తీస్తే తక్కువ. రెండవది యాసిడ్. గెర్బర్ పరీక్షకు వాడే సల్ఫ్యూరిక్ యాసిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మూత సరిగా పెట్టని సీసాలో యాసిడ్ రోజురోజుకూ పలచబడుతుంది. అప్పుడు పెరుగు ముక్కలు పూర్తిగా కరగక, ఫ్యాటు కింద తెల్లగా నిలుస్తాయి, రీడింగు ఎక్కడ తీయాలో తెలియదు. యాసిడ్ మరీ ఘాటుగా ఉంటే ఫ్యాటు మాడి నల్లబడుతుంది. మూడవది కొలత. యాసిడ్ 10 మిల్లీలీటర్లు, పాలు 10.75 మిల్లీలీటర్లు, అమైల్ ఆల్కహాల్ 1 మిల్లీలీటరు. పాలు పోసే పిపెట్టు మొన విరిగిపోయి ఉంటే కొలత ఎలా నిలుస్తుంది? నాలుగవది చివరి పని. సెంట్రిఫ్యూజు నాలుగైదు నిమిషాలు తిరగాలి, తరువాత బ్యూటిరోమీటర్లను 65 డిగ్రీల వేడినీళ్లలో ఉంచి, కంటికి సమంగా పట్టుకుని చదవాలి. వరస పెరిగిపోయి, సభ్యులు తొందరపెడుతుంటే, చేతితో తిప్పే సెంట్రిఫ్యూజు రెండు నిమిషాలకే ఆగుతుంది. ఈ తొందర పెట్టేది ఎవరు? మనమే.

ఇవి గాక, పరీక్షతో సంబంధమే లేని కారణాలు రెండు ఉన్నాయి. పాలు నీళ్లకంటే బరువు. లీటరు పాలు ఇంచుమించు కిలో ముప్పై గ్రాములు తూగుతాయి. సంఘంలో లీటర్లలో కొలిచి, డెయిరీలో కిలోలలో తూచి, రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి పోట్లాడుకోవడం మేము చూస్తున్నాము. రెండవది సగటు తీయడం. ఒకరు 80 కిలోలు 5 శాతం ఫ్యాటుతో, ఇంకొకరు 20 కిలోలు 7 శాతం ఫ్యాటుతో పోశారు అనుకోండి. 5, 7 కలిపి రెండుతో భాగించి సగటు 6 అని రాస్తే అది తప్పు. 80 కిలోలలో 4 కిలోల ఫ్యాటు, 20 కిలోలలో 1.4 కిలోలు, మొత్తం 5.4 కిలోలు. అంటే వంద కిలోల మీద సగటు 5.4. డెయిరీలో వచ్చేది కూడా అదే. కూడిక తెలియక వచ్చిన ఆరు పాయింట్ల తేడాకు పరీక్షకుడిని దొంగ అనడం ఎంత అన్యాయమో చూడండి. అతడు చేసిన పరీక్షలు రెండూ సరిగానే ఉన్నాయి.

ఇప్పుడు చాలా సంఘాలకు ఎలక్ట్రానిక్ పరీక్షా యంత్రాలు వచ్చాయి, ఇక యాసిడ్ గొడవే లేదు గదా అని కొందరు అడుగుతారు. యంత్రం వచ్చినా మనిషి పోలేదు. పాలు కలపకుండా నమూనా తీస్తే యంత్రం కూడా తప్పే చెబుతుంది. పూట అయిపోగానే శుభ్రం చేసే ద్రావణంతో కడగకపోతే లోపలి సన్నని గొట్టాల్లో పాలు పేరుకుంటాయి. అప్పుడప్పుడు గెర్బర్ పరీక్షతో సరిచూసి, తేడా ఉంటే సరిదిద్దించుకోవాలి. ఈ పనులన్నీ ఆ అబ్బాయే చేయాలి, చేయాలని అతనికి అనిపించాలి.

అనిపించేటట్టు చేయడం ఎలా అన్నదే ఇప్పుడు చెప్పుకోవాలి.

1940లో, ప్రపంచ యుద్ధ సమయంలో, అమెరికాలో ఒక చిక్కు వచ్చింది. అలవాటైన పనివాళ్లు సైన్యంలోకి పోతున్నారు, కొత్తవాళ్లు ఫ్యాక్టరీల్లోకి వస్తున్నారు. వాళ్లకు త్వరగా పని నేర్పడానికి ప్రభుత్వం ఒక శిక్షణ కార్యక్రమం పెట్టింది. దాని పేరు 'ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ'. యుద్ధం తరువాత అది జపాన్‌కు వెళ్లి అక్కడ బాగా వేళ్లూనుకున్నది. వారు మేస్త్రీలకు నేర్పిన పద్ధతిలో నాలుగు మెట్లు ఉన్నాయి. ముందు నేర్చుకునేవాడి బెదురు పోగొట్టి, అతనికి ఇప్పటికే ఏమి తెలుసో తెలుసుకోవడం. తరువాత పని చేసి చూపిస్తూ, ఒక్కొక్క అంశం ఎందుకో చెప్పడం. మూడవది అతని చేత చేయించి, చేస్తున్నది అతని నోటితోనే చెప్పించడం. నాలుగవది ఒంటరిగా వదిలి, మధ్య మధ్య వెళ్లి చూడటం. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. నాగలి పట్టడం మీ నాన్నగారు మీకు నేర్పింది ఇంచుమించు ఇలాగే గదా. మేడి మీద మీ చేయి, మీ చేయి మీద ఆయన చేయి.

సంఘంలో దీన్ని ఇలా చేయవచ్చు. ట్రక్ షీటులో తేడా వచ్చిన రోజున వరసలో మాట్లాడవద్దు. పాలు క్యాన్లకు ఎత్తి, లారీ వెళ్లిపోయాక, ప్రెసిడెంటు గారో కార్యదర్శి గారో పరీక్షకుడి పక్కన స్టూలు వేసుకుని కూర్చోవాలి. "తేడా నాలుగు పాయింట్లు వచ్చింది బాబూ, ఎక్కడ వచ్చి ఉంటుందంటావు?" అని ముందు అతన్నే అడగాలి. అడిగిన తరువాత ఆగాలి. మన పెద్దమనుషులకు ఈ ఆగడమే కష్టం! అతడు "ఈ సీసా యాసిడ్ తెల్లగా దిగుతున్నదండీ, నెల నుంచి చెబుదామనుకుంటున్నాను" అని చెప్పవచ్చు. నెల నుంచి ఎందుకు చెప్పలేదు అని అక్కడ గద్దించారా, ఇక ఎన్నడూ చెప్పడు. "మంచిది, ఇప్పటికైనా తెలిసింది" అని కొత్త సీసా తెప్పించండి.

తరువాత ఒకే నమూనాను రెండు బ్యూటిరోమీటర్లలో పోసి చేయించండి. రెండు రీడింగులకూ మధ్య ఒక పాయింటుకు మించి తేడా రాకూడదు. వచ్చిందంటే కొలతలోనో, తిప్పడంలోనో, చదవడంలోనో లోపం ఉన్నది. అతని కళ్ల ముందే అది తేలుతుంది గనుక, మీరు నిందించనక్కర్లేదు, అతడు సాకులు వెతకనక్కర్లేదు. ఒక్క రోజున ఒక్క లోపాన్నే పట్టుకోండి. నాలుగింటినీ ఒకేసారి ఏకరువు పెడితే నాలుగూ పోతాయి. ఈ వారం నమూనా కలపడం, వచ్చే వారం రీడింగు. వారం తరువాత మళ్లీ వెళ్లి చూడండి. వెళ్లి చూడటం అనేది లేకపోతే మొదటి మూడు మెట్లూ దండగే.

బాగా చేసినప్పుడు చెప్పే మాట కూడా స్పష్టంగా ఉండాలి. "బాగా చేస్తున్నావు" అంటే అతనికి ఏమీ అందదు. "ఈ పది రోజులూ తేడా రెండు పాయింట్లు దాటలేదు, క్యానుకు క్యాను కలిపి నమూనా తీయడం వల్లనే" అంటే, తన చేతిలో ఉన్న పని ఏదో అతనికి తెలుస్తుంది. మందలింపు చాటున, మెచ్చుకోలు నలుగురిలో. మన సంఘాల్లో ఇది తలకిందులుగా నడుస్తున్నది.

ఇక పాలకవర్గం అతనికి ఇవ్వవలసిన మరొక అండ ఉన్నది. ఒక పలుకుబడి గల సభ్యుడు వచ్చి, "నాకు ఐదు వేస్తావా?" అని గొడవకు దిగినప్పుడు, అతడు పాలకవర్గ సభ్యుడి బావమరిదే అయినా, ప్రెసిడెంటు గారు పరీక్షకుడి పక్కన నిలబడాలి. "ఇదిగో అదే నమూనా, మీ ఎదుటే మళ్లీ చేయిస్తాను, ఏది వస్తే అదే" అనాలి. ఒక్కసారి ఇలా జరిగితే చాలు, ఆ తరువాత ఆ పరీక్షకుడు ఎనిమిదిని ఎనిమిదిగా, ఐదును ఐదుగా రాస్తాడు. మీరు అక్కడ తప్పుకుని అతన్ని ఒంటరిగా వదిలేస్తే, ఎన్ని తరగతులకు పంపినా ఆరున్నరే రాస్తాడు.

ఆనంద్ సంగతి మీకు తెలిసినదే. ఖేడా జిల్లా పాల ఉత్పత్తిదారుల సంఘం 1946లో రిజిస్టరయింది. త్రిభువన్‌దాస్ పటేల్ దాని అధ్యక్షులు. 1949లో ప్రభుత్వ ఉద్యోగిగా ఆనంద్ వచ్చిన వర్గీస్ కురియన్ ఆ తరువాత సంఘంలో చేరి మేనేజరయ్యారు. ఆయన తనను రైతుల ఉద్యోగిగానే చెప్పుకునేవారు. అధ్యక్షులు తనపై పెట్టుకున్న నమ్మకాన్ని ఎన్నోసార్లు తలచుకున్నారు. గేదె పాలను పొడి చేయడం కుదరదని విదేశీ నిపుణులు అంటున్న రోజుల్లో, అదే సంఘంలో పని చేసిన హెచ్.ఎం. దలాయా అది చేసి చూపారు. 1955లో అక్కడ పాలపొడి కర్మాగారం వచ్చింది. మన పరీక్షకుడు కురియన్ కాడు గదా అంటారేమో. కాడు. పని వచ్చినవాడికి స్వేచ్ఛ కావాలి, పని నేర్చుకుంటున్నవాడికి పక్కన ఒక మనిషి కావాలి. నమ్మకం మాత్రం ఇద్దరికీ ఒక్కటే.

కొందరు ఇక్కడ ఒక ప్రశ్న వేస్తారు. అందరూ అమాయకులేనా, డబ్బు తిని ఫ్యాటు వేసేవాళ్లు లేరా అని. ఉన్నారు. వారికి పక్కన కూర్చుని నేర్పవలసినది ఏమీ లేదు, ఉపనిబంధనల ప్రకారం విచారించి చర్య తీసుకోవడమే. అయితే తెలియక చేసే తప్పునూ, తెలిసి చేసే మోసాన్నీ విడదీసి చూడటానికి ఒక గుర్తు ఉన్నది. తెలియనివాడి తప్పు అటూ ఇటూ పడుతుంది. ఇవాళ ఒకరికి ఎక్కువ, రేపు అదే మనిషికి తక్కువ. మోసం ఎప్పుడూ ఒకే వైపు మొగ్గుతుంది, ఆ నాలుగు పేర్లకే ఎక్కువ పడుతుంది. పాల పుస్తకం రెండు నెలలది తీసి పేరు పేరునా చూస్తే తెలిసిపోతుంది. చూడకుండా అనుమానించడం, చూడకుండా నమ్మడం, రెండూ సంఘానికి నష్టమే.

జీతం విషయం కూడా దాచకుండా చెబుతాము. రెండు నెలల జీతం బకాయి పెట్టి భుజం తట్టితే ఆ అబ్బాయికి ఒళ్లు మండుతుంది గాని ఉత్సాహం రాదు. ముందు జీతం వేళకు ఇవ్వండి. యాసిడ్ పట్టుకునే చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు, మీద పడితే వెంటనే కడుక్కోవడానికి పక్కనే బకెట్టు నిండా నీళ్లు ఉండేటట్టు చూడండి. అతనికి జ్వరం వస్తే పరీక్ష చేయడానికి ఇంకొకరు తయారుగా ఉండాలి. క్యాన్లు కడిగే హెల్పరుకు కూడా ఈ పని నేర్పించవచ్చు. నేర్పించడానికి తగినవాడు మీ పరీక్షకుడే. ఇంకొకరికి నేర్పవలసి వచ్చినప్పుడు తన పనిని తాను ఎంత శ్రద్ధగా చూసుకుంటాడో మీరే గమనిస్తారు. హెల్పరును కూడా మరచిపోవద్దు. క్యాను మూత అంచున పాత పాలు మిగిలితే సాయంత్రం పాలు పులుస్తాయి, అది ఎవరి కంటా పడని పని, ఎవరూ మెచ్చుకోని పని.

పాలు పోసే సభ్యులకు కూడా ఒక మాట. మీకు రీడింగు మీద సందేహం ఉంటే, వరసలో అరవకుండా, మళ్లీ పరీక్ష చేయమని అడగండి. అడగడం మీ హక్కు. బ్యూటిరోమీటరును మీరు కూడా కంటికి సమంగా పట్టుకుని చదవండి. అప్పుడు పరీక్షకుడూ మీరూ ఒకే గీతను చూస్తారు.

సమయం మించుతున్నది గనుక ఇక చేతి పనికి వెళ్దాము. పక్క గదిలో బల్లల మీద యాసిడ్, పిపెట్లు, బ్యూటిరోమీటర్లు, ఈ ఉదయం తెచ్చిన పాల నమూనాలు సిద్ధంగా ఉన్నాయి. కార్యదర్శులు, పరీక్షకులు నేర్పేవారుగా నిలబడతారు. అధ్యక్షులు, పాలకవర్గ సభ్యులు ఒక్కొక్కరు ఒకే నమూనాను రెండుసార్లు పరీక్షించి, తమ రెండు రీడింగులనూ గోడ మీద నల్లబల్లపై తమ సంఘం పేరుకు ఎదురుగా రాయాలి. పంచెలు, చీరె కొంగులు కాస్త పైకి దోపుకుని రండి. యాసిడ్ ముందు పోసి, పాలు సీసా గోడ వెంట నెమ్మదిగా దించండి.